కలిసిన రాశి

ఒకే కుక్క రెండు ఊళ్లలో నిద్రపోతోంది. శ్రీరంగప్ప తన వ్యాసం అచ్చయిన పత్రికను బల్ల మీద పరిచి రెండు ఫోటోల మీదికి వంగి చూశాడు. కంబదూరు పొలం అని కింద రాసినదాంట్లో గట్టు మీది కుక్క తల ఎడమ వైపుంది. పామిడి పొలం అని రాసినదాంట్లో కుడి వైపుంది. చిరిగిన చెవి మాత్రం రెంటిలోనూ ఉంది. ఇన్నేళ్లూ ఎవరికీ కనపడని ఆ కుక్క, ఎక్కడో ఉత్తరాదిన వేరుశనగ మీద పనిచేసుకునే ఒకాయన కంట పడింది. ఆయన పత్రిక సంపాదకుడికి రాశాడు. సంపాదకుడు శ్రీరంగప్పకు రాశాడు.

ఉత్తరం మర్యాదగానే ఉంది. ఫోటోల నెగటివులు, మడుల వారీగా తూచిన అసలు లెక్కలు పంపితే అనుమానం తీరిపోతుందనీ, అవి దొరకని పక్షంలో వ్యాసాన్ని రచయితే వెనక్కి తీసుకోవడం అందరికీ గౌరవంగా ఉంటుందనీ అందులో ఉంది. శ్రీరంగప్ప దగ్గర ఉన్నది ఒక్క నెగటివు. దాన్ని తిరగేసి రెండో ఫోటో వేయించింది ఆయనే కాబట్టి ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. పామిడిలో ఆ ఏడు విత్తనం మొలిచింది గాని జానెడు కాకముందే మాడిపోయింది. కంబదూరు దగ్గరి పల్లెలో పంట వచ్చింది గాని తూకం వేయలేదు. ఒక్క పొలంతో వ్యాసం నిలబడదు. తూకం లేని పంటతో అసలే నిలబడదు.

కొన్ని సాళ్లకొకటి చొప్పున విత్తనం వేయకుండా లోతుగా దున్ని వదిలేస్తే, కురిసిన నాలుగు చినుకులూ ఆ సాలులో నిలిచి పక్క సాళ్లు బతుకుతాయని శ్రీరంగప్ప చెప్పిన మాట. చెడ్డ మాట కాదు. నిజమే కావచ్చు కూడా. కావచ్చు అనుకున్నదాన్ని అయిందని రాసేశాడు. ఆ రాతతో పరిశోధనా కేంద్రంలో ఆయన పేరు పెద్దదైంది. సంక్రాంతి తర్వాత పెద్దాఫీసరు రిటైరైతే ఆ కుర్చీ ఈయనదేనని ప్యూను మొదలుకొని అందరూ అనుకుంటున్నారు. ఆ కుర్చీకి మెత్త మార్పించాలా వద్దా అని స్టోరు గుమాస్తా అప్పుడే అడిగి వెళ్లాడు.

అసలు లెక్కలు చెదలు తిన్నాయని చెప్పవచ్చు. ప్రభుత్వ ఆఫీసుల్లో చెదలు చేసినంత ఉపకారం మనుషులు చేయరు. కానీ ఉట్టి చెదల మాట నమ్మకపోతే? తూకం తన కళ్ల ముందే వేశారని, నమూనా కాయలు తన ఇంట్లోనే ఉంచితే కప్పు కారి బూజు పట్టాయని పొలం ఇచ్చిన రైతు చేత ఒక కాగితం రాయిస్తే? ఆ ఆలోచన వచ్చినందుకు శ్రీరంగప్ప సిగ్గుపడ్డాడు. సిగ్గుపడుతూనే కాగితం తీసి రాశాడు.

మర్నాడు క్యాంపని భార్యతో చెప్పాడు. జీపు రాలేదేమని లక్ష్మీనరసమ్మ అడిగింది. రిపేరన్నాడు. డ్రైవరు చూస్తుండగా ఆ పల్లెకు పోవడం ఇష్టం లేక బస్సెక్కాడు.

కల్యాణదుర్గంలో బస్సు మారి, కంబదూరు దాటి దిగేసరికి మధ్యాహ్నం తిరిగింది. ఓబుళేసు పొలంలోనే ఎదురొచ్చాడు. తల గుడ్డ విప్పి భుజాన వేసుకుని, ఇంత దూరం నడిచి వస్తారా, కబురు చేస్తే బండి కట్టేవాణ్ణి కదా అని నొచ్చుకున్నాడు. మనిషి బాగా చిక్కిపోయాడు. శ్రీరంగప్ప ఆయన ముఖం చూడలేక పొలంకేసి చూశాడు. చెనిక్కాయ, అంటే వేరుశనగ చెట్లు పీకేసిన ఎర్రనేల మీద, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా లోతు సాళ్లు కనిపించాయి. ప్రయోగానికి ఇచ్చిన పొలం చెక్క ఒక్కటే కాదు, పొలమంతా అలాగే ఉంది.

"మీరు చెప్పినట్లే తీస్తాండాం సార్. ఒక్క ఏడూ మాన్లేదు" అన్నాడు ఓబుళేసు.

పంట ఎలా ఉందని అడక్క తప్పలేదు. వానలు లేవనీ, పక్క పొలాల్లో వచ్చినంత కూడా తమకు రాలేదనీ ఓబుళేసు చెప్పాడు. విత్తనం వేయని సాళ్లు వేయనట్టే పోయాయి, వేసిన సాళ్లు కూడా ఊరించి ఊరించి పోయాయి. ఆ మాట చెప్పి, ఆఫీసరు నొచ్చుకుంటాడేమోనని వెంటనే సర్దుకున్నాడు.

"మీ లెక్క తప్పని కాదు సార్. పుస్తకంలో అచ్చేసింది అబద్ధమయితాదా? దోషం మా ఇంట్లోనే ఉండాది."

ఆ దోషమేమిటో శ్రీరంగప్ప అడగలేదు. అడిగితే కూర్చుని వినాల్సి వస్తుంది. తను వచ్చిన పని వేరే.

ఇంటి ముందు మంచం వేశారు. ఓబుళేసు తల్లి తిప్పమ్మ చెంబుతో నీళ్లిచ్చి, వంగిన నడుం మీద చెయ్యి పెట్టుకుని యోగక్షేమాలడిగింది. ఓబుళేసు భార్య సిద్దమ్మ లోపలి నుంచే ఒకసారి చూసి పక్కకు తప్పుకుంది. అప్పట్లో మజ్జిగ తెచ్చి ఇచ్చేది, కెమెరాలో ఏముంటుందని అడిగేది. శ్రీరంగప్ప సంచీలోంచి పత్రిక తీశాడు. ఫోటో తన పొలానిదేనని రైతు నోటితో ఒకసారి వింటే ధైర్యంగా ఉంటుందనుకున్నాడు. ఓబుళేసు పత్రికను రెండు చేతులతో పట్టుకున్నాడు. ముఖం విప్పారింది.

"ఇది మా యెర్రోడు కదా సార్. పోయిన ఎండాకాలం సచ్చిపాయ." పక్కనున్న రెండో ఫోటో చూశాడు. "ఈడా వాడే. రెండు దిక్కుల నుంచీ తీసినారా?"

శ్రీరంగప్ప ఊ అన్నాడు. ఎన్ని అబద్ధాలు అచ్చు వేయించినా, ఎదురుగా కూర్చున్న మనిషితో ఆ చిన్న ఊ అనడం కష్టమైంది. అయినా కాగితం తీశాడు. ఆఫీసు పనికి ఒక సంతకం కావాలన్నాడు. ఓబుళేసు ఏం రాశారని అడగలేదు. కాగితాన్ని తలుపు చెక్క మీద ఆనించి, నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని, ఒక్కో అక్షరం దగ్గర ఆగి ఆగి పేరు రాశాడు. రాసి, సార్ మనల్ని మరిచిపోలేదని తల్లితో గర్వంగా చెప్పాడు.

కాగితం జేబులో పెట్టుకుని లేవబోతే ఓబుళేసు పోనివ్వలేదు. పొద్దున రాశి పూజ ఉంది, చూసి టెంకాయ ముక్క నోట్లో వేసుకుని పోవాలన్నాడు. ఎలాగూ ఆ పూట ఇంక బస్సు లేదు.

తెల్లవారి కళ్లం దగ్గరికి అందరూ చేరారు. అలికిన కళ్లం నడుమ చెనిక్కాయ రాశి. ఏమంత రాశి కాదు, తిప్పమ్మ కంటే ఎత్తు లేదు. నెత్తిన పేడముద్ద మీద గరిక గుచ్చి పెట్టారు. శ్రీరంగప్ప చెప్పులు బయట విడిచి లోపలికొచ్చి నిలబడ్డాడు. ఓబుళేసు టెంకాయ కొట్టాడు. ఇక తొలి గంప ఎత్తాలి. పెద్దకోడలు చేతి మీదుగా తొలి గంప ఇల్లు చేరితేనే మిగతా కాయ కదిలించేది.

గంప పట్టుకుని రాశి దగ్గరకు వచ్చింది తిప్పమ్మ. మోకాళ్ల మీద కూర్చుని దోసిళ్లతో నింపింది. సగం నిండగానే ఆయాసపడింది. నింపాక లేవలేకపోయింది. ఒకసారి ప్రయత్నించి కూలబడింది. పక్కింటి ముత్యాలప్ప ఒక రెక్క, ఓబుళేసు ఒక రెక్క పట్టుకుని లేపారు. ముసలామె గంప చంకకెత్తుకుని ఊగుతూ నాలుగడుగులు వేసి, దించి, మళ్లీ ఎత్తుకుంది. ఆ దారి పక్కనే, కళ్లం గట్టుకు అవతల, సిద్దమ్మ నిలబడి ఉంది. చేతులు రెండూ కొంగు కింద దాచుకుంది. అత్త ఎదురుగా తూలుతుంటే ఆమె భుజాలు కదిలాయి గాని కాలు గట్టు దాటలేదు.

"ఆమె ఎత్తుకోదా?" అని శ్రీరంగప్ప అడిగాడు.

జవాబు ముత్యాలప్ప చెప్పాడు. ఆయనకు ఇందులో దాపరికమేమీ కనిపించలేదు.

"ఆయమ్మ చెయ్యి రాశికి మంచిది కాదు సార్. మీ తూకం చెడినప్పట్నుంచీ ముట్టనీడం లేదు. మీరే అంటిరి కదా, ఈ ఆడమనిషి చెయ్యి పడి నా పని నాశనమాయ అని. ఇదే కళ్లంలో, అందరి ముందర."

శ్రీరంగప్పకు గుర్తుకు రావడానికి కొంతసేపు పట్టింది. అన్నాడు. సాళ్లు తీసిన చెక్క కాయ ఒక రాశి, తీయని చెక్క కాయ ఒక రాశి, విడివిడిగా ఉంచమని రేకు ముక్కలు గుచ్చి వెళ్లి, తక్కెడ తీసుకుని రెండు రోజులు ఆలస్యంగా వచ్చేసరికి కళ్లంలో ఒక్కటే రాశి ఉంది. కలిపింది సిద్దమ్మ. అప్పుడు ఆమె ఏదో చెప్పబోయింది. ఆయన వినలేదు. నోటికొచ్చింది అరిచి, తక్కెడ బండిలో విసిరేసి వెళ్లిపోయాడు. ఆ తర్వాత అనంతపురంలో ఫ్యాను కింద కూర్చుని, ఉజ్జాయింపుగా అంకెలు వేసుకున్నాడు. అంకెలు బాగా కుదిరాయి. కోపం పోయింది. అన్న మాట ఇక్కడే ఉండిపోయింది.

"రెండు రాశులు ఎందుకు కలిపింది?" అని ఓబుళేసును ఇప్పుడు అడిగాడు.

ఓబుళేసు నేల చూస్తూ చెప్పాడు. ఒక ఇంటి కళ్లంలో రెండు రాశులు పోసేది అన్నదమ్ములు వేరుపడినప్పుడే. ఆ ఏడు తనకూ తమ్ముడు నారాయణప్పకూ మాటల్లేవు. రెండు రాశులు చూసినవాళ్లంతా పంచుకున్నారా అని అడగడం మొదలుపెట్టారు. తిప్పమ్మ అన్నం మానేసి పడుకుంది. ఇల్లు రెండు కాకూడదని సిద్దమ్మ చేతులతో రెంటినీ ఒకటి చేసింది. నారాయణప్ప ఆ మాఘమాసంలోనే వేరుపడ్డాడు. ఆఫీసరు శాపనార్థం పెట్టాడు, ఇల్లూ విడిపోయింది, పంటా తగ్గింది. ఇంకేం కావాలి ఊరికి?

శ్రీరంగప్ప కళ్లం దాటి బయటికి వచ్చి చెప్పులు తొడుక్కున్నాడు. బస్సు టైమవుతోంది. జేబులో కాగితం ఉంది. దాన్ని పంపితే కుక్క సంగతి మెల్లగా మరుగున పడుతుంది, సంక్రాంతి వస్తుంది, కుర్చీ వస్తుంది. వచ్చే ఏడు కూడా ఈ ముసలామె ఇలాగే గంప కింద కూలబడుతుంది. చెప్పులు మళ్లీ విడిచాడు. కాగితం తీసి చించాడు.

ఓబుళేసు కంగారుపడ్డాడు. "సంతకం సరిగా పడలేదా సార్?"

"సంతకం బాగుంది. రాసిందే అబద్ధం."

ఆ పైన చెప్పడం తేలికనుకున్నాడు గాని కాలేదు. ఇంగ్లీషులో చెప్పుకుంటే పెద్ద మాటలుంటాయి. ఇక్కడ ముత్యాలప్ప ఉన్నాడు, గట్టు అవతల సిద్దమ్మ ఉంది, కాయ మోయడానికొచ్చిన కూలీలున్నారు. నేల చూస్తూ చెప్పాడు. ఆ రెండు ఫోటోలూ ఒకటే, తిరగేసి వేయించాను. పామిడిలో పంటే రాలేదు. ఇక్కడ తూకమే వేయలేదు. లోతు సాలుతో పంట పెరిగిందని పుస్తకంలో వేసిన అంకెలు నేను అనుకుని రాసుకున్నవి. ఆమె చేతికీ మీ పంటకూ ఏ సంబంధం లేదు.

తిడతారనుకున్నాడు, తిట్టినా బాగుండేది. ఓబుళేసు గడ్డం రుద్దుకుని ఒకటే అడిగాడు.

"అయితే వచ్చే ఏడు ఆ సాలు తీయాల్నా, వద్దా సార్?"

"నాకు తెలీదు."

ఇన్నేళ్ల ఉద్యోగంలో రైతుతో ఆయన ఆ మాట అనడం అదే మొదలు. ఓబుళేసు తల ఊపాడు. అర్థమైనట్టూ లేదు, కోపమొచ్చినట్టూ లేదు. అలవాటైన బరువును ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకున్నట్టు నిలబడ్డాడు.

గట్టు అవతలి నుంచి సిద్దమ్మ మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"మా కాయ తూచకుండానే రాసుకుంటిరి కదా సార్?"

"అవును."

"మా కాయతో మీకు పనే లేదు కదా?"

శ్రీరంగప్ప లేదన్నట్టు తల ఊపాడు.

"అయితే కలిపితినని నన్నేంటికి తిట్టినారు?"

సంపాదకుడికి చెప్పడానికి చెదలున్నాయి, పెద్దాఫీసరుకు చెప్పడానికి వానలున్నాయి. ఈ ప్రశ్నకు ఏదీ లేదు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకదానితో ఒకటి పట్టుకున్నాడు. చివరికి, ఆ వ్యాసం వెనక్కి తీసుకుంటానని, అనంతపురం పోగానే రాసి పంపిస్తానని అన్నాడు.

"ఈడనే రాయండి" అంది సిద్దమ్మ.

తిప్పమ్మ ఖాళీ గంపతో తిరిగివచ్చి, ఏం జరిగిందో కూలీలను అడిగి తెలుసుకుని, గంపను రాశి పక్కన బోర్లించి కూర్చుంది. రెండో గంప ఎత్తడానికి ఎవరూ ముందుకు రాలేదు. శ్రీరంగప్ప గోనెసంచి మీద కూర్చుని, సంచీలోంచి కాగితాలూ అట్టా తీసి మోకాలి మీద పెట్టుకుని రాశాడు. ఇంగ్లీషులో కలం జోరుగానే నడిచింది. అనివార్య కారణాల వల్ల మూల లెక్కలు లభ్యం కానందువల్లా, పొరపాటున ఒక చిత్రం రెండు చోట్ల ముద్రితమైనందువల్లా వ్యాసాన్ని ఉపసంహరించుకోవడమైనది. చదువుకుంటే బాగుంది. ఎవరూ ఏమీ చేయలేదు, అంతా దానంతట అదే జరిగింది.

"ఏం రాసినారో మా మాటల్లో చెప్పండి" అంది సిద్దమ్మ.

"ఏవో కారణాల వల్ల లెక్కలు దొరకలేదని..."

"ఏం కారణాలు?"

ఆయన కలానికి మూత పెట్టి మళ్లీ తీశాడు.

"నేను కలిపేసినాననే కదా సార్ దానర్థం? మళ్లీ నా మీదికే వస్తాది."

అలా రాదని చెప్పబోయాడు గాని, ఆ వాక్యాన్ని తెలుగులో ఇంకే విధంగా చెప్పినా ఆమె మీదికో వాన మీదికో చెదల మీదికో పోతోంది గాని తన మీదికి రావడం లేదని అప్పుడు గమనించాడు. కొట్టేశాడు. తర్వాతి వాక్యంలో 'పొరపాటున' అని పైకి చెప్పగానే ఆమె మళ్లీ చూసింది. అదీ కొట్టేశాడు. ఇంక కాగితం మీద సంపాదకుడి పేరు తప్ప ఏమీ మిగలలేదు. కొత్త కాగితం తీసి ఈసారి ముందు తెలుగులో నోటితో చెప్పి, ఆ తర్వాత ఇంగ్లీషులో పెట్టాడు. ఫోటో ఒక్కటే. రెండని చెప్పింది నేను. పామిడిలో పంట రాలేదు. కంబదూరు దగ్గర తూకం వేయలేదు. అంకెలు నేను కల్పించినవి. పొలం ఇచ్చినవాళ్ల తప్పు ఏమీ లేదు. ఒక్కో మాటా కూలీల ముందు పైకి చెప్పి రాస్తుంటే, బడిలో పంతులు బల్ల మీద నిలబెట్టిన పిల్లాడిలా ఉంది ఆయన పరిస్థితి. పెద్దాఫీసరు కుర్చీ గుర్తుకొచ్చింది. ఆ కుర్చీలో ఇక వేరే మనిషి కూర్చుంటాడు, తను ఎదురుగా నిలబడి ఇదంతా మళ్లీ చెప్పాలి. చివరి మాట రాసి కింద సంతకం చేశాడు.

సిద్దమ్మ గట్టు దాటింది. కొంగు కింది నుంచి చేతులు బయటికి తీసింది. తిప్పమ్మ ఆమెకేసి చూడకుండానే గంప తిప్పి ఆమె వైపు జరిపింది. సిద్దమ్మ రాశి ముందు కూర్చుని రెండు చేతులూ మోచేతుల దాకా కాయలోకి పోనిచ్చి కొంతసేపు అలాగే ఉంది. ముత్యాలప్ప ఏదో అనబోయి దగ్గి ఊరుకున్నాడు. ఆమె గంప అంచుల దాకా నింపింది, పైన ఇంకో రెండు దోసిళ్లు పోసింది. కొంగు చుట్టి తల మీద చుట్టకుదురు చేసుకుని, ఎత్తేవాళ్ల కోసం చుట్టూ చూసింది. ఓబుళేసు ఆ చివర సంచీలు విప్పుతున్నాడు. దగ్గరున్నది శ్రీరంగప్పే.

"ఎత్తండి సార్" అంది.

సిరా ఆరని ఉత్తరం ఎక్కడ పెట్టాలో తెలియక పళ్ల మధ్య కరిచి పట్టుకుని ఆయన వంగాడు. నోట్లో కాగితం ఉండబట్టి సరిపోయింది, లేకుంటే ఆ క్షణంలో ఆమెతో ఏం చెప్పాలో ఆయనకు తెలిసేది కాదు. గంప అనుకున్నదానికంటే బరువుగా ఉంది. ఇద్దరూ కలిసి ఎత్తారు. సిద్దమ్మ తల మీద సర్దుకుని, ఆయన వైపు చూడకుండా ఇంటి దారి పట్టింది.